సబ్ పట్టిన క్యాచ్

మొగిలయ్య గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, కంప్యూటరు మీద కప్పిన తెల్లగుడ్డను నిద్రపోతున్న పిల్ల మీది దుప్పటి తీసినట్టు మెల్లగా తీశాడు. దాన్ని అక్కడ దులపకూడదు. మెట్ల దాకా తీసుకెళ్లి దులిపి, మడతపెట్టి, మళ్లీ వచ్చి బీరువా మీద పెట్టాలి. దుమ్ము లోపలికి పోతే లక్షల సొమ్ము మట్టిలో కలుస్తుందని హనుమత్ప్రసాద్ సారు మిషను వచ్చిన రోజే అందరికీ చెప్పాడు. అప్పటి నుంచి ఆ గదిలోకి ఎవరైనా సరే వట్టి కాళ్లతోనే వెళ్లాలి. పోయిన దసరాకు మిషను నడిపే ఛాయాదేవి దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టబోతే సారు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. బొట్టుకు ఒప్పుకున్నాడు గానీ నీళ్లకు ఒప్పుకోలేదు. కాయ మెట్ల మీద కొట్టారు.

ఏసీ మీట నొక్కి, అది గురగురమనేదాకా మొగిలయ్య అక్కడే నిలబడ్డాడు. యాభైకి దగ్గర పడ్డ మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, మోచేతుల దగ్గర పలచబడ్డ ఖాకీ చొక్కా. చేతులు మాత్రం ఆ ఒంటికి కొలత తప్పినట్టు పెద్దవి. వరంగల్ కొత్తవాడలో జంఖానాలు నేసిన వాళ్ల ఇంట పుట్టాడు. నేత చేతికి రాకముందే పట్నం వచ్చి, ఫతేమైదాన్‌లో పిచ్ మీద రోలరు లాగే పనిలో చేరాడు. ఆ తర్వాత ఏవేవో పనులు చేసి చివరికి ఇక్కడ తేలాడు.

ఇక్కడ అతని పని ఫలానా అని ఎవరూ చెప్పలేరు. తాళం తీస్తాడు, చాయ్ తెస్తాడు, ఆదివారం లీగు మ్యాచుల స్కోరు కాయితాలు మైదానాలన్నీ తిరిగి పోగుచేసుకొస్తాడు, లెక్కలు కట్టాక వాటిని పత్రికల ఆఫీసులకు ఇచ్చొస్తాడు. ఆ కాయితాల్లో ఏముందో అతనికి పెద్దగా పట్టదు. ఒకసారి రెండు మ్యాచుల కాయితాలు కలిపేసి ఒకే జట్టులో పదిహేడు మందిని ఆడించాడు కూడా. ఆ వారమంతా అమ్మాయిలు అతన్ని చూసి కిసుక్కుమన్నారు. అతనూ నవ్వాడు.

చుట్టుపక్కల వాళ్లు లెక్కల కంపెనీ అని పిలిచే ఈ ఆఫీసు అమీర్‌పేటలో ఒక టైపు ఇనిస్టిట్యూట్ వెనక గదిలో మొదలైంది. అప్పుడు ఉన్నది ఇద్దరే. బ్యాంకు ఉద్యోగం మానేసి రెండు ట్రంకుపెట్టెల నిండా పేపరు కటింగులు పెట్టుకున్న ప్రసాద్ సారు ఒకరు, ఆ పెట్టెలు రిక్షాలోంచి దింపిన మొగిలయ్య ఒకరు. ఎవరు ఏ మైదానంలో ఎన్ని పరుగులు కొట్టారు, ఎడంచేతి బౌలరు వస్తే ఎవరు తొందరగా ఔటవుతారు, టాసు గెలిస్తే లాభమా నష్టమా, ఇలాంటివి లెక్కకట్టి పత్రికలకు అమ్ముతానంటే జనం నవ్వారు. ఆట అయిపోయాక లెక్కలేమిటి, పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టు అన్నారు. ఎనభై మూడులో మన జట్టు ప్రపంచ కప్పు తెచ్చాక ఆ నవ్వు ఆగింది. మ్యాచ్ ఇంకా మొదలుకాక ముందే అంకెలు కావాలని పత్రికల వాళ్లు మెట్లెక్కి వచ్చారు. ఒక టైరు కంపెనీ ఆటగాళ్లకు నెలనెలా ర్యాంకులు కట్టిపెట్టమంది. ఏడాదికో గది పెరిగి, చివరికి పంజాగుట్టలో చీరల దుకాణం పై అంతస్తు మొత్తం కంపెనీదే అయింది. లెక్కలు కట్టే అమ్మాయిలు వచ్చారు, ఫోన్లు వచ్చాయి, మిషను వచ్చింది. మొగిలయ్య కూడా పెరిగాడంటే పెరిగాడు. అతని కుర్చీకి చేతులు వచ్చాయి.

అతని జీవితంలో చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది. అది ఆఫీసులో వినని వాళ్లు లేరు. మద్రాసు నుంచి వచ్చిన జట్టుతో మనవాళ్లు రంజీ మ్యాచ్ ఆడుతున్నారు. మన జట్టులో ఒకడికి జ్వరం, ఒకడికి మోకాలు పట్టేసింది. అదనంగా ఉన్న ఆటగాడు ఒకడి బదులు వెళ్లాడు. రెండో వాడి బదులు వెళ్లడానికి మనిషి లేక, కెప్టెను హద్దు దగ్గర రోలరు మీద కూర్చున్న మొగిలయ్యను పిలిచాడు. సాయంత్రం నెట్స్‌లో బంతులు అందించే కుర్రవాడని అతనికి తెలుసు. మొగిలయ్య వెళ్లి నిలబడ్డాడు. కాసేపటికి మద్రాసు వాళ్లలో పొడుగాటి ఎడంచేతి ఆటగాడు బంతిని గాల్లోకి లేపాడు. మొగిలయ్య వెనక్కి పరుగెత్తి, తల మీదుగా వస్తున్న దాన్ని ఆ పెద్ద చేతులతో పట్టాడు. అంతే. టీ విరామానికి జ్వరం వాడు లేచొచ్చాడు. మొగిలయ్య తిరిగి రోలరు దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడు పేపరులో స్కోరు వచ్చింది. ఔటయిన వాడి పేరు ఉంది, బౌలరు కమాల్ పేరు ఉంది. పట్టినవాడి చోట 'సబ్' అని ఉంది. మరొకరి బదులు వచ్చి పట్టిన వాడికి స్కోరు పుస్తకం ఇచ్చే పేరు అదే.

ఇప్పుడు ఇంకో నెలలో ప్రపంచ కప్పు మన దేశంలోనే మొదలవుతోంది. దాని కోసం టైరు కంపెనీ డబ్బు పెట్టి, దక్షిణాది జట్ల రికార్డులన్నీ ఒక పుస్తకంగా వేయిస్తోంది. పాత మ్యాచులన్నీ ఛాయాదేవి మిషనులోకి ఎక్కించింది. ఆమె తెనాలి పిల్ల, అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కంప్యూటరు కోర్సు చేసింది. వేళ్లు చకచకా నడుస్తాయి గానీ క్రికెట్టంటే ఏమీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మిషను ప్రతి ఆటగాడికీ ఒక నంబరు అడుగుతుంది, నంబరు లేని పేరును ముట్టుకోదు. అందుకని ఆమె సబ్‌కు కూడా ఒక నంబరు ఇచ్చేసింది.

పోయిన వారం బొంబాయి నుంచి టైరు కంపెనీ పెద్దలు వచ్చినప్పుడు ఆ సంగతి బయటపడింది. ఎక్కువ క్యాచ్‌లు పట్టిన వాళ్ల జాబితా తీయమంటే మిషను గీకుతూ గీకుతూ తీసింది. మొదటి పేరు సబ్. ఆయన ముప్పై ఏళ్లుగా ఆడుతున్నాడు. హైదరాబాదుకూ ఆడాడు, మద్రాసుకూ ఆడాడు, కేరళకూ ఆడాడు. ఒకే మ్యాచ్‌లో రెండు పక్షాలకూ ఆడిన రోజులున్నాయి. వచ్చిన పెద్దమనిషి కళ్లద్దాలు సరిచేసుకుని, ఈ సబ్ గారు ఇప్పుడెక్కడ ఉంటున్నారు, సన్మానం చేద్దామా అని అడిగాడు. అంకెల్లో తప్పు దొర్లితే అన్నం సహించని ప్రసాద్ సారు చెవులు ఎర్రబడ్డాయి. వాళ్లు వెళ్లాక ఛాయాదేవికి చీవాట్లు పడ్డాయి, సబ్‌ను జాబితాలోంచి తీసెయ్యమని ఆజ్ఞ అయింది. ఆమె సబ్ అన్న పేరు జాబితాలో అచ్చు కాకుండా ఆపింది గానీ నంబరును అలాగే ఉంచింది. తీసేస్తే మిషను మొత్తం అలుగుతుందని ఆమె భయం.

ఆ రోజు చాయ్ ఇస్తూ మొగిలయ్య ఆ కాయితం చూశాడు. అందరూ నవ్వుతుంటే అతనికి మాత్రం సంతోషమైంది. ఆ అంకెలో తనది ఒకటి ఉందని తెలిసిన సంతోషం అది. వాళ్లు వెళ్లాక ధైర్యం చేసి, అంతకుముందు ఎన్నోసార్లు అడిగిందే సారును మళ్లీ అడిగాడు. ఆ ఒక్క మ్యాచ్ దగ్గర నా పేరు వెయ్యరాదా అన్నాడు. సారు కూడా ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం కాదు ఆయన. కుందేలును చూపిస్తే కాళ్లు లెక్కపెడతాడు, చూపించకపోతే ఒప్పుకోడు.

"స్కోరు బుక్కుల లేనిది నా బుక్కుల ఎట్ల వస్తది మొగిలయ్యా? నేను నమ్ముత, గని నా నమ్మకం లెక్కకు రాదు. గా దినం గ్రౌండ్ మీద ఉన్నోళ్లు ఒక్కలు చెప్పాలె. సోమవారం దాంక ఆగుత. మంగళవారం ప్రెస్సుకు పోతది."

ఈ రోజు సోమవారం.

ఆ దినం గ్రౌండ్ మీద ఉన్నవాళ్లలో కమాల్ ఎక్కడో దూరాన లేడు. ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. సైకిలు మీద పోతే పంజాగుట్ట నుంచి ఒక చాయ్ చల్లారే లోపల చేరుకోవచ్చు. ఇన్నేళ్లలో మొగిలయ్య ఒక్కసారి కూడా వెళ్లలేదు. పొద్దున యూసుఫ్‌గూడలో ఇల్లు కదిలేటప్పుడు భార్య కాంతవ్వ అదే అన్నది. ఆమె అమీర్‌పేట దుకాణాలకు చీరల ఫాల్సు కుడుతుంది, సూది కంటే మాట పదును. ఒక్క బంతి పట్టినందుకు గింత కథనా అని పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటికీ ఎక్కిరిస్తూనే ఉంటుంది. అయినా ఈ రోజు పొద్దున, పోయి అడుగు, అడగంది అమ్మయినా పెట్టదు అని తనే చెప్పింది.

ఆమెకు అతను చెప్పని సంగతి ఒకటి ఉంది. అతనికి భయం. కమాల్‌ను అడిగి, కమాల్ యాదికి లేదంటే? అప్పుడు పుస్తకంలో పేరు లేకపోవడం ఒక్కటే కాదు, అసలు ఆ క్యాచే తను పట్టాడో లేదో తనకే అనుమానం వస్తుంది. అడగనంత కాలం అది తనదే. ఉన్న ఒక్కదాన్ని పందెం పెట్టడానికి ఏ మనిషికైనా చెయ్యి ఆడదు. పాపం, దానికే ఇన్నేళ్లు పట్టింది.

సోమాజిగూడలో పత్రికకు ఇవ్వాల్సిన కవరు సైకిలు వెనక క్యారియర్‌కు బిగించి బయలుదేరాడు. సెప్టెంబరు ఎండ. ఎడమ భుజం పొద్దుటి నుంచి లాగుతోంది, రాత్రి గాలి పట్టింది కాబోలనుకున్నాడు. చౌరస్తాలో డబుల్ డెక్కర్ బస్సు ఒకటి ఒరిగినట్టే తిరిగి వెళ్లింది. సోమాజిగూడ వైపు హ్యాండిల్ తిప్పి, ఆగి, మళ్లీ ఎర్రమంజిల్ వైపు తిప్పాడు.

కమాల్‌ను గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. వేళ్లతో బంతిని బొంగరంలా తిప్పిన సన్నటి మనిషి ఇప్పుడు కుర్చీ నిండా ఉన్నాడు. జుట్టుకు గోరింటాకు రంగు. బల్ల మీద ఫైళ్లు, వాటి మధ్య తాళం పెట్టుకున్న టిఫిన్ డబ్బా. మొగిలయ్య ఎదురుగా నిలబడితే తల ఎత్తకుండానే ఏ ఊరి ఫైలని అడిగాడు.

ఫైలు కాదని, ఫతేమైదాన్‌లో మద్రాసు వాళ్లతో ఆడిన మ్యాచ్ సంగతి అని మొగిలయ్య చెప్పాడు. అంతకంటే ఎక్కువ నోట్లోంచి రాలేదు. నన్ను గుర్తుపట్టారా అని అడగడం చేతకాలేదు. కానీ మద్రాసు అన్న మాట చెవిన పడగానే కమాల్ ఫైలు మూసేశాడు. పక్క బల్లల వాళ్లను పిలిచాడు. ఆ పొడుగాటి ఎడంచేతి ఆటగాడు ఎంత గట్టివాడో, ఆ వికెట్టు కోసం తను ఎంతసేపు వల పన్నాడో చేతులూపుతూ చెప్పాడు. కావాలని బంతిని గాల్లో ఆపి ఇచ్చాడట, వాడు ఆశపడి లేపాడట. ఎవడో కుర్రవాడు వెనక్కి పరుగెత్తి పరుగెత్తి పట్టాడట. పక్కవాళ్లు తలలాడించారు. వాళ్లకూ ఇది కొత్త కథ కాదని వాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తోంది.

"ఎవరు సాబ్ గా పిల్లగాడు?" అని అడిగాడు మొగిలయ్య. 

కమాల్ పైకప్పు కేసి చూసి చాలాసేపు ఆలోచించాడు.

"పేరు యాదికొస్తలేదు మియా."

మొగిలయ్య లోపల ఏదో మెల్లగా కూర్చుండిపోయింది. కోపం కాదు, ఏడుపు కాదు. ఇంతేనా అనిపించింది, అంతే. ఎండలో ఇంత దూరం ఎందుకొచ్చానని తనను తనే తిట్టుకున్నాడు. మంచిది సాబ్, వస్తానని చెప్పి తిరిగాడు. తలుపు దాకా వెళ్లాడు.

"పేరు యాది లేదు గని, పాంటు యాదికున్నది," అంటున్నాడు కమాల్ వెనకాల, పక్కవాళ్లతో. "గాడు ఖాకీ నిక్కరు మీద ఉండె. తెల్లది లేకుంటె లోపలికి రానియ్య అన్నడు అంపైర్. నా రెండో పాంటు నేనే ఇచ్చిన. నడుముకు ఆగకుంటె సుతిలి కట్టుకున్నడు. క్యాచ్ పట్టిండు, పాంటు తోటే ఉడాయించిండు. ఇగ దాని సూరత్ నేను మళ్ల చూడలే."

పక్కవాళ్లు నవ్వారు. మొగిలయ్య ఆగిపోయాడు. క్యాచ్ కథ ఇన్నేళ్లలో ఎంతమందికి చెప్పినా పాంటు మాట ఒక్కరికీ చెప్పలేదు. మ్యాచ్‌కు అదే ఆఖరి రోజు, ఇవ్వడానికి మర్నాడు వెళ్తే జట్టు తర్వాతి మ్యాచ్‌కు వేరే ఊరెళ్లిపోయింది. తర్వాత ఇవ్వడానికి మొహం చెల్లలేదు. వెనక్కి తిరిగి, తల వంచుకుని, పెద్ద చేతులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని నిలబడ్డాడు.

"చినిగేదాంక తొడిగిన సాబ్. గా తర్వాత మా ఇంటామె దాన్ని సంచి కుట్టింది."

 కమాల్ కుర్చీ చేతులు పట్టుకుని కష్టంగా లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి మొగిలయ్య ముఖంలోకి చూశాడు, చేతుల కేసి చూశాడు. తర్వాత ఆ భారీ మనిషి అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. నాకు వికెట్టు దక్కిచ్చినోడివి, పాంటు ఎంత, నీకు సూటు కుట్టియ్యాలె భాయ్ అన్నాడు చెవిలో. మొగిలయ్య ఏడ్చాడు. సిగ్గుపడకుండానే ఏడ్చాడు.

సూపరింటెండెంటు బల్ల మీది ఫోన్ తీసి కమాల్ అప్పటికప్పుడే పంజాగుట్టకు మాట్లాడాడు. తనే ఆ బౌలరునని, క్యాచ్ పట్టింది మొగిలయ్యేనని, కావాలంటే ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెబుతానని గట్టిగా అన్నాడు. తర్వాత ఫోన్ మొగిలయ్య చేతికిచ్చాడు. అవతల ఉన్నది ప్రసాద్ సారు. ఆయనకు మెచ్చుకోవడం చేతకాదు.

"మంచిదే మొగిలయ్యా. నీ పేరు ఏపిస్తున్న. రేపొచ్చి నువ్వే చూసుకో," అని పెట్టేశాడు.

కమాల్ చాయ్ తాగించి గానీ వదల్లేదు. వచ్చే శుక్రవారం ఇంటికి రమ్మని, కాంతవ్వను కూడా తీసుకురమ్మని చెప్పి గేటు దాకా వచ్చాడు. సోమాజిగూడ పోయేటప్పుడు మొగిలయ్య తొక్కింది తక్కువ, సైకిలు పక్కన నడిచింది ఎక్కువ. ఆయాసంగా ఉంది. అయినా మనసు తేలిగ్గా ఉంది. అడిగిన, యాదికి పెట్టుకున్నడు అని కాంతవ్వకు ఎలా మొదలుపెట్టి చెప్పాలా అని దారి పొడుగునా ఆలోచించాడు. పాంటు సంగతి ముందు చెబితే సంచి కుట్టినందుకు ఆమె నాలుక కరుచుకుంటుంది. అది చూడాలి.

పత్రిక ఆఫీసులో కవరు ఇచ్చేశాడు. గేటు దగ్గర వాచ్‌మన్ పర్శరాములు ఎరిగినవాడే. కాసిని నీళ్లడిగి తాగి, నీడలో ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. జర సేపు కూసుంటనే అన్నాడు. పర్శరాములు సరేనన్నాడు. మధ్యాహ్నం వేళ, లోపల అచ్చు మిషన్లు కూడా ఆగి ఉన్నాయి. వానకాలపు గాలి కొద్దిగా వీచింది. మొగిలయ్య గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఎండ బెంచీ మీదికి వచ్చాక, ముఖం మీద పడుతోంది పక్కకు జరుగన్నా అని పర్శరాములు వచ్చి భుజం తట్టాడు. అప్పుడు తెలిసింది. ఆసుపత్రి రోడ్డుకు అవతలే ఉంది, తీసుకెళ్లారు కూడా. గుండె ఆగి చాలాసేపయిందని చెప్పారు.

మర్నాడు ఆఫీసు తెరవలేదు. అందరూ యూసుఫ్‌గూడకు వెళ్లారు. కమాల్ కూడా వచ్చి, పాడె మోసే వాళ్లతో పాటు భుజం పెట్టి వీధి చివర దాకా నడిచాడు. పుస్తకం ప్రెస్సుకు వెళ్లడం రెండు రోజులు వెనకబడింది. తాళం తీసేవాడు లేక ప్రసాద్ సారే పొద్దున్నే వచ్చి తెరిచాడు. తెల్లగుడ్డ తీసి, ఎక్కడ దులపాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడితే, ఛాయాదేవి వచ్చి అందుకుంది.

చివరిసారి సరిచూసుకోవడానికి మిషను కాయితాలు తీసింది. క్యాచ్‌ల జాబితా దగ్గర సారు ఆగిపోయాడు. మొదటి పేరు మొగిలయ్య. ఆ పేరు ఎదురుగా నూట ఎనభై ఆరు. హైదరాబాదుకూ మద్రాసుకూ కేరళకూ ఆడాడు. దక్షిణాదిలో అతని దరిదాపుల్లో ఎవరూ లేరు.

ఛాయాదేవిని పిలిచి కాయితం చూపించాడు. ఆమెకు తప్పేమిటో అర్థం కాలేదు.

"మీరేగా అన్నారండీ, ఆ సబ్ అని ఉన్నచోట మొగిలయ్య గారి పేరు వెయ్యమని. సబ్ నంబరుకి పేరు మార్చేశాను. ఒక్కచోట మారిస్తే మిషను అన్నిచోట్లా తనే మార్చేసుకుంటుంది. ఇప్పుడేంటి, మళ్లీ తీసెయ్యాలా?"

అన్నాక ఆమె ముఖం చిన్నబోయింది. తీసెయ్యాలా అన్న మాట అనకుండా ఉండాల్సిందని తోచినట్టుంది. ప్రసాద్ సారు ఈసారి చీవాట్లు పెట్టలేదు. కుర్చీలో కూర్చుని ఆ పేరు కేసే చూశాడు. అమీర్‌పేట గదిలో ఎండాకాలం ఇద్దరూ ట్రంకుపెట్టెల మీదే పడుకున్న మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. ఇన్నేళ్లు నమ్ముతానంటూనే ఆపాను కదా, ఒక్క ఫోను నేనే చేసి ఉండొచ్చు కదా అనుకున్నాడు.  సాయంత్రానికి తప్పు సరిదిద్దారు. మొగిలయ్యకు వేరే నంబరు వచ్చింది, ఒక మ్యాచ్, ఒక క్యాచ్. పుస్తకం అలాగే ప్రెస్సుకు వెళ్లింది.

తప్పు పడిన కాయితాలను నాలుగు ముక్కలుగా చింపి తన చేత్తోనే బుట్టలో వెయ్యడం సారు అలవాటు. ఆ ఒక్క కాయితం చింపలేకపోయాడు. మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

పుస్తకం రావడానికి ఇంకా వారం పట్టేలా ఉంది. పదకొండో రోజు యూసుఫ్‌గూడ వెళ్లినప్పుడు, పేరైనా చూస్తుందిలే కాంతవ్వ అని ఆ కాయితమే తీసుకెళ్లాడు. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు గనక ఇబ్బంది లేదనుకున్నాడు. చుట్టాలు వెళ్లిపోయారు. ఒకటే గది. ఫ్యాను తిరుగుతోంది. కాంతవ్వ గోడవార కూర్చుని ఉంది. ఒడిలో ఎవరిదో చీర ఉంది గానీ సూది నడవడం లేదు. పోయినప్పటి నుంచి ఆమె కంట నీళ్లు రాలేదని వీధిలో ఆడవాళ్లు చెప్పుకుంటున్నారు.

సారు కాయితం విప్పి, మొదటి వరుస మీద వేలు పెట్టి, ఇదమ్మా మొగిలయ్య పేరు అన్నాడు. ఆమె కొంగుతో చేయి తుడుచుకుని ఆ అక్షరాలను తాకింది. తర్వాత వేలు పక్కకు జరిగింది. అక్షరాలు రాకపోయినా అంకెలు వస్తాయన్న సంగతి సారుకు అప్పుడు తట్టింది. దుకాణాల వాళ్లతో రోజూ లెక్క చూసుకునే మనిషి.

"నూట ఎనభై ఆరు," అని చదివింది. తల ఎత్తింది. "గిన్ని పట్టిండా సార్?"

పుట్టి బుద్ధెరిగాక తప్పు అంకె ఒప్పుకోని మనిషి హనుమత్ప్రసాద్.  ఫ్యాను కేసి చూశాడు.

"మిషన్ల గట్లనే వచ్చిందమ్మా," అన్నాడు చివరికి.

కాంతవ్వ ఆ అంకెను మళ్లీ చూసుకుంది. చాలాసేపు చూసింది.

"నాతోని ఒక్కటే అన్నడు సార్," అన్నది. "ఒక్కదాని ముచ్చటే చెప్పిండు. గా ఒక్కదానికే నేను గన్ని తీర్ల ఎక్కిరిచ్చిన."

అప్పుడు ఏడ్చింది. చీర పక్కకు పెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పదకొండు రోజులుగా ఆగిందంతా ఏడ్చింది. ప్రసాద్ సారు లేచి గడప దగ్గర నిలబడ్డాడు.  కాసేపటికి, వెళ్లొస్తానమ్మా అని చెప్పి చెప్పులేసుకున్నాడు.

కాంతవ్వ కళ్లు తుడుచుకుని లేచింది. కాయితం మడతలు చేత్తో సాపు చేసి ట్రంకుపెట్టె మీద పరిచింది. ఫ్యాను గాలికి అది లేస్తుంటే చుట్టూ చూసి, గూట్లోంచి మొగిలయ్య సున్నపు డబ్బీ తీసి పేరు పక్కన బరువు పెట్టింది. మూత సరిగా పడని ఇత్తడి డబ్బీ, లోపల సున్నం ఎండిపోయి ఉంది.